చున్నీతో సహా గీత దాటుట

మా ఊరి బడిలో ఆడపిల్లల పరుగు పందెం సంప్రదాయబద్ధంగా జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. గెలిచిన పిల్లను మండల పోటీలకు మేళ్లచెరువు పంపుతారు. ఆ పిల్ల నిహారికేనని ఊళ్లో కోళ్లకు కూడా తెలుసు.

పందేనికి ముందు సర్పంచ్ మంజులత గారి తరఫున ఆమె భర్త నాగరాజు గారు ప్రసంగించారు. మంజులత గారు పక్కన కూర్చుని కొంగు సర్దుకున్నారు.

"పంజాబీ డ్రెస్సు మన తాతముత్తాతల సంస్కృతి. దాని మీద చున్నీ లేకుంటే ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

ఊరి ఇజ్జత్ రెండున్నర మీటర్లుంటుందని మాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు తమ పందెంలో మగపిల్లలు నిక్కర్లతో ఉరికారు. వాళ్ల దగ్గర ఇజ్జత్ ఏమీ పెట్టలేదు కాబట్టి పోయే భయం లేదు.

మా అవ్వ గుర్వమ్మ లేచి, "గీ చున్నీ నా పెండ్లప్పుడు ఏడుంది బిడ్డా? మేం గోచి చీర బిగించి ఎడ్ల ఎనక ఉరికినం," అన్నది. చదువుకోని మనిషికి సంప్రదాయం ఏం తెలుస్తుందని పెద్దలు క్షమించారు.

ఈల మోగింది. ఇద్దరు పిల్లలు కాళ్లకు చున్నీలు చుట్టుకుని గౌరవంగా పడ్డారు. నిహారిక చున్నీ పిన్నీసు ఊడి సర్కారు తుమ్మ కంపకు చిక్కింది. ఆమె ఆగలేదు, మొదట గీత దాటింది. అదే పందెంలో ఉన్న నేను రెండు చేతులా చున్నీ పట్టుకుని, తర్వాత ఎప్పుడో వచ్చాను.

పెద్దలు కూర్చుని ఆలోచించారు.

"పిల్ల వచ్చింది సరే, చున్నీ రాలే గదా!" అని నాగరాజు గారు తేల్చారు. నిండుగా గీత దాటినదాన్ని నేనే.

"గట్లయితే మెడల్ చున్నీకే ఎయ్యుండ్రి సార్," అన్నది నిహారిక. ఎదురు మాట్లాడినందుకు ఆమెను వచ్చే ఏడు పందెం నుంచి కూడా తప్పించారు. నన్ను శాలువాతో సత్కరించారు. చున్నీ మీద శాలువా కప్పుకుని మరింత నిండుగా ఇంటికి వచ్చాను.

మేళ్లచెరువులో నేను ఆఖరున వచ్చాను. అప్పటికి బహుమతులు పంచుతున్నారు. అయినా చున్నీ జారలేదు గనుక ఊరి వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్లు మోగాయి.

అక్కడ మొదట వచ్చిన పిల్ల ఎంతసేపట్లో ఉరికిందని నిహారిక ఒక్కతే అడిగింది. ఏం వేసుకుని ఉరికిందని ఊరంతా అడిగింది.

మీరూ అదే అడగబోతున్నారు గదా?