చొక్కా బరువు

మీలో ఎవరైనా చొక్కాను త్రాసులో తూచారా? నేను తూచాను. మా ఆవిడ నాగశ్రీ కేకుల కోసం కొనుక్కున్న త్రాసు మీద పెడితే ముల్లు కదిలీ కదలకుండా ఆగిపోయింది. ఆనందంతో నా కళ్ళు చెమర్చాయి.

"చూశావా, పావుకిలో కూడా లేదు," అన్నాను.

"లోపల ఉండేదాన్ని కూడా తూస్తారా?" అంది మా ఆవిడ, నా పొట్ట వైపు చూస్తూ.

మా స్టీల్ ప్లాంటులో నా సెక్షన్ వాడే సన్యాసిరాజు, నడక సంఘానికి పెద్ద. మే నెలలో సంఘం హిమాలయాలకు వెళుతోంది. ఇంట్లో వాళ్ళు కూడా రావచ్చు. కాకపోతే ముందు ఒక ఆదివారం మాధవధార నుంచి కొండ మీదుగా సింహాచలం నడిచి చూపించాలి. మధ్యలో కూలబడ్డవాళ్ళకు చోటు లేదు.

నా మోజు మంచు మీద కాదు. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఒక్క ఆలోచననైనా చివరిదాకా ఆలోచించలేదు. సరిగ్గా సగంలో "ఏవండీ, గ్యాస్ అయిపోయింది" అని వినిపిస్తుంది. ఎక్కడో ఎత్తున ఒక్కణ్ణే కూర్చుని నా మనసుతో నేను మాట్లాడుకోవాలని కోరిక. చిక్కల్లా నాగశ్రీకి కూడా కోరికలుండడమే.

"నేనూ వస్తానండి. మంచు ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు."

వద్దనే ధైర్యం నాకు లేదు. ఆ మాట బట్టల చేత అనిపిద్దామనుకున్నాను.

"రావచ్చు. కానీ కొండకు నూలు పనికిరాదు. చెమట తాగి బరువెక్కుతుంది. పైన చలిగాలి తగిలితే జ్వరం. నీవన్నీ నూలు చీరలాయె. బట్టంటే గుప్పిట్లో ఇమడాలి, తడిస్తే చిటికెలో ఆరాలి, ముడత పడకూడదు. ఇదిగో, ఇలా." ఢిల్లీ వెళ్ళినవాళ్ళతో తెప్పించిన ఆ చొక్కాను గుప్పిట్లో మాయం చేసి చూపించాను. గారడీవాడు కూడా అంత గర్వపడడు.

"అలాంటి బట్ట నా దగ్గరుంటే?"

"ఉంటే నిక్షేపంగా రా."

నాగశ్రీ బీరువా అట్టడుగు నుంచి గులాబీ పూల నైలాన్ చీర తీసింది. మా అమ్మ పెట్టిన చీర. కొత్తలో కట్టుకుంటే "ప్లాస్టిక్ సంచీలా ఉన్నావు" అన్నాను. మళ్ళీ కట్టలేదు. కొన్ని మాటలు బీరువాలో భద్రంగా ఉంటాయని అప్పుడు తెలిసింది.

రెండింటినీ ఒకే బకెట్‌లో ముంచి మేడ మీద ఆరేశాం. సముద్రపు గాలి చీర పక్షం చేరింది. నా చొక్కా కాలరు ఇంకా తడిగా ఉండగానే చీర ఆరి రెపరెపలాడింది.

"నైలాన్ వేరు. ఇది ప్రత్యేకంగా తయారైన బట్ట," అన్నాను.

నాగశ్రీ పర్సులోంచి చిన్న గుడ్డముక్క తీసింది. బరువు తగ్గుతుందని నేను కత్తిరించి చెత్తబుట్టలో వేసిన లేబుల్.

"నూరు శాతం నైలాన్ అని రాసుందండి. మీది ప్లాస్టిక్ సంచీ, నాది ప్లాస్టిక్ సంచీ. సరిపోయింది."

"చీరతో కొండ ఎక్కలేవు," అన్నాను నీరసంగా.

"చీరతో ఎవరెక్కుతారు? దీంతో కుట్టుమిషను చిట్టమ్మ దగ్గర సల్వార్ కుట్టిస్తాను."

మనసుకు అంతస్తులుంటాయి. శనివారం పొద్దున నేను పై అంతస్తులో హిమాలయాల మధ్య కూర్చుని ఉండగా, కింది అంతస్తువాడు అలవాటు కొద్దీ ఆఫీసు బట్టలతో పాటు ఆ చొక్కాను కూడా ఇస్త్రీ బండికి వేసేశాడు. సాయంత్రం బండి అబ్బులు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వచ్చాడు.

"ఇదేటి బట్ట బాబూ, పెట్టె ఆనించగానే పారిపోనాది."

వీపు మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కిటికీ.

"ముడత పడదన్నారుగా, ఇస్త్రీ దేనికండీ?" అంది నాగశ్రీ.

నూలు చొక్కా వేసుకుందామంటే, దాని మీద సంఘంలో అందరి ముందూ ఉపన్యాసమిచ్చి ఉన్నాను. సల్వార్‌కు పోగా మిగిలిన కొంగు ముక్కతో నాగశ్రీ ఆ కిటికీ మూసింది.

ఆదివారం మాధవధారలో, వీపు మీది గులాబీలు కనబడకుండా "మీరు పదండి, మీరు పదండి" అని అందర్నీ ముందుకు పంపించాను. వాళ్ళు నిజంగానే వెళ్ళిపోయారు. నాగశ్రీ, సన్యాసిరాజు భార్య ఆశ కబుర్లాడుకుంటూ మలుపు తిరిగారు. పూల సల్వార్ చెట్ల మధ్య కాసేపు కనబడి మాయమైంది. నేను ఒక బండ మీద కూర్చున్నాను. చాలాసేపటికి సన్యాసిరాజు వెతుక్కుంటూ దిగొచ్చాడు.

"ఏటి సేత్తన్నావ్ బావా, కూకుండిపోనావా?"

"ఆలోచించుకుంటున్నాను."

"ఆలోసించుకో. మా సెల్లెమ్మ ఎప్పుడో పైకెల్లిపోనాది. ఆ పూల బట్ట ఏ కొట్లో దొరుకుద్దో కనుక్కోమంది ఆశ." నన్ను లేపి, నా వెనక్కి చూసి ఆగాడు. "నీకూ ఉందేటి?"

మేలో నాగశ్రీ సంఘంతో బయల్దేరింది. నేను నేర్పిన పద్ధతిలోనే సామానంతా కేకుల త్రాసులో తూచింది. లేబుళ్ళన్నీ కత్తిరించింది. దువ్వెన పిడి కూడా విరిచేసింది.

"అనవసరమైన బరువు ఒక్కటీ ఉండకూడదన్నారుగా," అంది రైలెక్కుతూ.

రైలు కదిలింది. ఆ అనవసరమైన బరువు ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపింది.

ఇంటికొచ్చాను. చప్పుడు లేదు. ఎన్నాళ్ళ నుంచో కోరుకున్న ఏకాంతం. స్టవ్ మీద టీ పెట్టుకుని, ఒక మంచి ఆలోచన ఎంచుకుని, మొదలుపెట్టాను.

సరిగ్గా సగంలో గ్యాస్ అయిపోయింది.