గడ్డికి మంచినీళ్లు

విదేశాల నుంచి దిగిన మూడో రోజే క్రీడా మైదానాల మంత్రిగారు రేగులకుంటకు ఒక శుభవార్త ప్రకటించారు. ఏడాది తిరిగేలోగా ఆ ఊళ్లో రాష్ట్రంలోకెల్లా మేలైన బౌలింగ్ గ్రీన్ వెలుస్తుంది. రసాయనాలు చిటికెడు కూడా వాడరు. అంతా ప్రకృతి పద్ధతే. ఊరు మర్రిగూడ దిక్కు రాళ్లనేలలో ఉంది గనుక, అక్కడ గడ్డి మొలిస్తే ఎక్కడైనా మొలుస్తుందని ఆయన దూరదృష్టి. జనం చప్పట్లు కొట్టారు. కొట్టాక, బౌలింగ్ గ్రీన్ అంటే ఏమిటని అడిగారు. దుప్పటి పరిచినట్టుండే గడ్డి మీద పెద్దమనుషులు బంతిని మెల్లగా దొర్లించే ఆటస్థలమని పీఏ చెప్పాడు.

గొర్లు కాసుకునే బీరమ్మకు ఆట సంగతి పట్టలేదు. సర్కారు తమ ఊరి ముఖం చూసిందన్నదే ఆమెకు నచ్చింది. ఆమె కూతురు ఈదమ్మకు ఆరేళ్లు. బోరునీళ్ల ఫ్లోరైడుకు పళ్లు పసుపుబారాయి, మోకాళ్లు అప్పుడే లోపలికి వంగుతున్నాయి. దీనికి మందు లేదు, మంచినీళ్లు తాగించమని దవాఖానలో డాక్టరు చెప్పి పంపాడు. మంచినీళ్ల కోసం ఊరు పదకొండేళ్లుగా దరఖాస్తులు పెడుతూనే ఉంది. అవి పరిశీలనలో ఉన్నాయి.

గడ్డి కోసం ఖుద్దూస్ సారు జీపులో వచ్చాడు. ఆయన హోదా స్పెషల్ ఆఫీసర్, పచ్చిక. చెప్పులు విడిచి నేలను చేత్తో నిమిరి, మట్టికి ప్రాణముంటుందని, దాన్ని నొప్పించకూడదని కూలీలకు చెప్పాడు. మొదటి దెబ్బకే గడ్డపార ఎగిరి అవతల పడింది. అప్పుడు బీరమ్మ ముందుకొచ్చి, చెరువు మట్టి తోలి, ఇసుక కలిపి, వేపపిండి చల్లి, తన గొర్లను నెల రోజులు అక్కడే మందపెడితే నేల దానంతటదే మెత్తబడుతుందని చెప్పింది. సారు ఆ మాటలన్నీ ఇంగ్లీషులో రాసి హైదరాబాదు పంపాడు. పెద్దాఫీసు వాళ్లు ఆయన పరిశోధనను మెచ్చుకున్నారు. బీరమ్మ చెప్పినట్టే చేశాక నేల మెత్తబడింది, గడ్డి నాటారు.

మట్టితో పాటు బోరునీళ్లు కూడా ఒక సీసాలో పరీక్షకు వెళ్లాయి. తొమ్మిదో రోజుకే జవాబొచ్చింది. ఈ నీళ్లు పోస్తే గడ్డి వేర్లు వంకరపోయే ప్రమాదముంది, సున్నితమైన ప్రాణి గనుక మంచినీళ్లే పోయాలి. మర్నాటి నుంచి కృష్ణానీళ్ల ట్యాంకర్ రావడం మొదలైంది. గడ్డి నీళ్లు తాగుతుంటే ఊరంతా నిలబడి చూసింది.

బీరమ్మ కడవ చంకన పెట్టుకుని పోయింది.

"సారూ, గడ్డి తాగంగ మిగిలినయి ఒక్క కడవ ఇయ్యరాదుండ్రి. నా బిడ్డ కాళ్లు వంగుతున్నయి."

"ఇయ్యాలనే ఉంది బీరమ్మా. కాని ఇవి గడ్డి పేరు మీద వచ్చిన నీళ్లు. మనుషులది వేరే డిపార్ట్‌మెంట్."

"మరి మేం గడ్డిల ఎట్ల కలుస్తం సారూ?"

రూల్సు చూసి చెబుతానన్నాడు సారు.

బీరమ్మ అంతదాకా ఆగలేదు. గ్రీన్ అంచున గుప్పెడు గరిక పీక్కొచ్చి తన గుమ్మం ముందు చాపంత మేర నాటింది. బడిపంతులుతో దరఖాస్తు రాయించింది: "సర్కారు గడ్డికి ఏదైనా ఆపద వస్తే అతుకు వేయుటకు విడిగడ్డి పెంచుచున్నాను. దానికి నీళ్లు మంజూరు చేయగలరు." ఖుద్దూస్ సారు మురిసిపోయాడు. తన ప్లానులో ఉండాల్సింది ఇదే. నర్సరీ నంబర్ వన్ అని పేరు పెట్టి, రోజుకు మూడు కడవలు మంజూరు చేశాడు. నెల తిరిగేసరికి అరవై రెండు ఇళ్లు, అరవై రెండు నర్సరీలు. వాకిలి లేని సాలమ్మ పగిలిన గోలెంలో గరిక పెంచింది. దాన్ని సారు మొబైల్ నర్సరీ అని రాసుకున్నాడు.

ట్యాంకర్ నీళ్లు ఇళ్లలోకి వెళ్లాయి, బోరునీళ్లు గరికకు వెళ్లాయి. మొదటి గుక్క తాగి ఈదమ్మ రుచే లేదని మూతి తిప్పుకుంది. గరికకు ఆ పేచీ లేదు. ఏపుగా పెరిగింది.

ప్రారంభోత్సవం ముందురోజు సారు చెప్పకుండా తనిఖీకి వచ్చాడు. బీరమ్మ చేతిలో బకెట్ ఉంది.

"గవి ఏం నీళ్లు బీరమ్మా?"

అబద్ధం నోటికి రాలేదు. "బోరువి సారూ."

"ఎప్పటి సంది?"

"మొదటి సంది."

సారు గొంతుక్కూర్చుని ఒక మొక్క పీకాడు. వేరు సూదిలా నిటారుగా ఉంది. ఈ వేరు హైదరాబాదు చేరితే రేపటి నుంచి ట్యాంకర్ రాదు. ట్యాంకర్ రాకపోతే జీపుండదు, డ్రైవరుండడు, ముగ్గురు అటెండర్లుండరు, స్పెషల్ ఆఫీసరూ ఉండడు. ఆయన అన్నీ వరసగా ఆలోచించి, మొక్కను మళ్లీ నాటి, మట్టి అదిమాడు.

"రేపు మంత్రిగారు అడిగితే ఏమంటవ్?"

"మీరేం రాసిన్రో గదే అంట."

"ఫికర్ చెయ్యకు. జర తాగెతందుకు నీళ్లియ్యి. లోపలివి."

మర్నాడు మంత్రిగారు రిబ్బను కత్తిరించి ఊరు కలియదిరిగారు. గ్రీన్ కంటే వాకిళ్లే పచ్చగా ఉన్నాయెందుకని సూటిగా అడిగారు.

"అంతా ట్యాంకర్ నీళ్ల మహిమ సార్," అన్నాడు ఖుద్దూస్ సారు. "ఇండ్ల దగ్గర సరిపోతున్నయి. గ్రౌండ్‌కే చాలుతలేవు."

మంత్రిగారు అక్కడికక్కడే రెండో ట్యాంకర్ ప్రకటించారు.

తర్వాతి అసెంబ్లీ సమావేశాల్లో, పల్లెజనానికి బౌలింగ్ మీద ఇంత మోజుందని ప్రతిపక్షం కలలో కూడా ఊహించలేదని ఆయన సగర్వంగా చెప్పారు. రెండు నెలల్లోనే చుట్టుపక్కల పదిహేడు ఊళ్లు బౌలింగ్ గ్రీన్ కావాలని దరఖాస్తు పెట్టుకున్నాయి. గడ్డి ఎంత మేర వేస్తారో, రోజుకు ఎన్ని కడవలు కావాలో అన్నిట్లోనూ వివరంగా ఉంది. బంతి కావాలని ఏ ఊరూ అడగలేదు.