కాపలాకు కాపలా

ఆ పొద్దున శాస్త్రవేత్త వేసుకున్న పథకం చిన్నదే. కంప్యూటర్ నుంచి చివరి గ్రాఫ్ తీసుకోవడం, మధ్యాహ్నం కమిటీకి చూపించడం, ఉద్యోగం పొడిగించుకోవడం. గ్రాఫ్ లేకపోతే ఉద్యోగమూ లేదు. క్వాంటం కణాలను చుట్టుపక్కల పరిసరాలు కదిలిస్తూ ఉంటే వాటి సున్నితమైన స్థితి ఎలా చెదిరిపోతుందో లెక్కకట్టడం అతని పని.

తీరా చూస్తే లెక్క సగంలో ఆగిపోయి ఉంది.

అతని చూపు తిన్నగా పక్క బల్ల మీదికి పోయింది. అక్కడ కూర్చునేది సాక్షాత్తూ బావమరిది. నిన్ననే వాడు, "అంతా ఒకేసారి మోస్తే మెమరీ చాలదు బావా. పాచికలు వేసినట్టు చిన్న లెక్కలు చాలాసార్లు నడిపి సగటు తీసుకో," అన్నాడు. అడక్కుండా సలహా ఇచ్చాడంటే ఏదో మతలబు ఉండే ఉంటుంది.

శాస్త్రవేత్త లెక్క మళ్లీ మొదలుపెట్టి, దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారో కనిపెట్టే కాపలా ప్రోగ్రామొకటి రాశాడు. అది క్షణక్షణానికీ లెక్క మొత్తానికి నకలు తీసి దగ్గర పెట్టుకుంటుంది. ఈసారి లెక్క ఇంకా ముందే ఆగింది. అంటే దొంగ ఆరితేరినవాడే! కాపలాకు కాపలాగా మరో ప్రోగ్రాము పెట్టాడు. లెక్క మొదలవుతూనే చతికిలబడింది.

వరండాలోకి వెళ్లి భార్యకు ఫోన్ చేశాడు. "మీ తమ్ముడు నా కొంప ముంచుతున్నాడే!"

"వాడా? పొద్దున్నే ఫోన్ చేసి, మీ కమిటీ ఎన్నింటికని అడిగాడు పాపం."

"అడిగాడా! ఎందుకడిగాడు?"

ఫోన్ పెట్టేసి, గదిలోకొచ్చి లోపల గడియ వేసి, బావమరిదిని నిలదీశాడు. "నిజం చెప్పు. నా లెక్క ఎందుకు ఆపుతున్నావ్?"

వాడు లేచొచ్చి తెర చూశాడు. "ఆపుతున్నది మెషీనే బావా. అసలే మెమరీ చాలక అది చస్తుంటే, నీ కాపలావాళ్లిద్దరూ ఉన్నదంతా మింగేశారు. అంతలా కాచుక్కూర్చుని కదిలిస్తూ ఉంటే ఏదైనా చెదిరిపోతుందని నీ పరిశోధనే చెబుతోంది కదా!"

శాస్త్రవేత్త కుర్చీలో కూలబడ్డాడు. కమిటీ కూర్చునే వేళయింది.

బావమరిది తన కంప్యూటర్‌ను ఇటు తిప్పాడు. తెర మీద గ్రాఫ్, కింద శాస్త్రవేత్త పేరు. "నేను చెప్పిన పద్ధతిలో నడిపా, ఇప్పుడే అయింది. ముందే చెబితే దీన్నీ అనుమానిస్తావని చెప్పలేదు. నీ ఉద్యోగం పోతే పగలంతా ఇంట్లో కూర్చుని అక్కని అనుమానిస్తావు. పాపం, అది ఆ బాధ ఎక్కడ పడుతుంది?"

గ్రాఫ్ కమిటీకి నచ్చింది, ఉద్యోగం నిలిచింది. శాస్త్రవేత్త బావమరిదిని కావలించుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి, వాడు చూడకుండా పాస్‌వర్డ్ మార్చుకున్నాడు.