రంగు వెయ్యని సైన్యం

ఒక పెద్ద అడవిలో, అందులోనూ ఎవరికీ పెద్దగా పనిలేని ఒక మూల, ఇరవై ఆరేళ్ళుగా యుద్ధం జరుగుతోంది. ఆదివారం పొద్దున మొదలై భోజనాల వేళకి ఆగుతుంది. ఇంతవరకు గాయపడింది ఎలుగుబంటి బుచ్చన్న ఒక్కడే. ఒకసారి ఉత్సాహం పట్టలేక తన సేన మీదే కూర్చున్నాడు.

యుద్ధం చేసేవి వేలెడంత మట్టి బొమ్మలు. పులులు కావు, ఏనుగులు కావు, మనుషులు. ఆ అడవిలో మనిషిని కళ్ళారా చూసినవాళ్ళు లేరు. తోక లేకుండా, రెండు కాళ్ళ మీద నిలబడి, ఉన్న చోటు చాలక పక్కవాడి కోట కోసం కొట్టుకునే ప్రాణి ఒకటుంటుందని పెద్దలు కథల్లో చెప్పేవారు. అలాంటిది ఉండడం అసాధ్యమని అందరికీ తెలుసు. అందుకే ఆట రంజుగా ఉండేది.

ఒక చదును బండ మీద ఆడేవాళ్ళు. గరికపోచతో కొలిచి బొమ్మను జరపాలి. ఒకవైపు అరగదీసిన చింతపిక్కలు విసిరి ఎవరు పడ్డారో తేల్చాలి. తగాదా వస్తే తాబేలు తాతారావును అడగాలి. ఆయన కళ్ళు మూసుకుని, బాగా ఆలోచించి, ఏదో ఒకటి చెప్పేవాడు. అదే చట్టం.

ఇంత చట్టం చేతిలో ఉన్న తాతారావు ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ గెలవలేదు. తనకు లాభించేలా చెప్పాలని ఆయనకు తోచేదే కాదు. పైగా అందరి సైనికులూ గరికపోచంత నడిస్తే ఆయనవాళ్ళు సగమే నడిచేవాళ్ళు. "పాపం, బరువులు మోస్తున్నారు" అనేవాడు. అలా తొమ్మిదేళ్ళు నడిచి నడిచి, ఒక మాఘమాసపు ఆదివారం నాడు ఆ నలభై మందీ బండ మధ్యనున్న కోట గుమ్మం ముందు నిలబడ్డారు.

ఆ కోట నక్క చిదానందానిది.

"వచ్చే ఆదివారం లోపలికి అడుగు పెడతానర్రా," అన్నాడు తాతారావు. "ఒక్కసారి గెలిస్తే చాలు. ఆ తర్వాత మామూలుగా ఓడిపోతూనే ఉంటాను, మీకేం భయం లేదు."

ముళ్ళపంది సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. బుచ్చన్న ఆయన డిప్ప మీద తట్టాడు. చిదానందం మాత్రం నవ్వి ఊరుకున్నాడు. నక్క నవ్వి ఊరుకుందంటే ఊరుకోలేదని అర్థం.

బుధవారం నాడు అతను బుచ్చన్న గుహకి వెళ్ళాడు.

"అన్నా, ఇరవై ఆరేళ్ళ సంస్థ మనది. ఒక అధ్యక్షుడు లేడు, ఒక నియమావళి లేదు. పక్క అడవులవాళ్ళు నవ్విపోతున్నారు."

"పక్క అడవులవాళ్ళకి మన సంగతి తెలుసా?"

"తెలియదు. అదే కదా అవమానం! అధ్యక్షుడంటే నీలాంటి నిండైన విగ్రహం ఉండాలన్నా."

బుచ్చన్న తన పొట్ట చూసుకున్నాడు. నిజమే, నిండుగానే ఉంది.

ఆదివారం ఆటకు బదులు సర్వసభ్య సమావేశం జరిగింది. సభ్యులు నలుగురు. బుచ్చన్న అధ్యక్షుడయ్యాడు, చిదానందం కార్యదర్శి, సూరమ్మ తనిఖీ అధికారి. తాతారావును గౌరవ సలహాదారుని చేశారు, అంటే ఇకమీదట ఆయన్ని ఏమీ అడగక్కర్లేదన్నమాట.

కార్యదర్శి మొదటి నియమం చదివాడు. "ఒళ్ళంతా రంగు వెయ్యని సైనికుడు యుద్ధానికి అనర్హుడు."

తాతారావు మొహం వాడిపోయింది. ఆయన సేన ఇంకా మట్టి రంగులోనే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా "ఈ వేసవిలో వేసేస్తాను" అంటున్నాడు. వేసవి వచ్చేది, మరో బొమ్మ కొత్తగా చేసేవాడు, రంగులు వానాకాలానికి వాయిదా పడేవి. ఈ ఆట ఆడేవాళ్ళందరికీ ఉన్న జబ్బే అది.

"ఇప్పుడు నలభై మందికీ వెయ్యాలంటే ఎన్నాళ్ళు పడుతుంది మామా?" అని అడిగాడు చిదానందం, జాలిగా.

"సుమారు నలభై ఏళ్ళు. నాకు ఫరవాలేదయ్యా, ఆయుష్షుంది. మీరే ఉండరు."

ఆ మాట బుచ్చన్నకి కలుక్కుమంది. కాని అప్పటికే అతను చెవి గోక్కోవడానికి చెయ్యెత్తాడు. దాన్ని ఆమోదం కింద రాసేసుకున్నారు.

సూరమ్మ లేచింది. "నియమం పెట్టారు, బాగుంది. తనిఖీ నాది కదా. అందరివీ చూస్తాను."

"తప్పకుండా అక్కా," అన్నాడు చిదానందం. అతని సేన మోదుగపూల రంగుతో ధగధగలాడుతోంది.

మొదట అధ్యక్షుడి సేన చూసింది. బుచ్చన్న తేనెలో రంగులు కలిపి వేసేవాడు. ఆట మధ్యలో ఆకలేసినప్పుడల్లా ఒక్కో సైనికుణ్ణి నాకేవాడు. ఇప్పుడు మిగిలినవి నున్నటి మట్టి ముద్దలు. అందరూ అనర్హులే.

తర్వాత తన సేన చూసుకుంది. తన ముల్లుతోనే ఒక్కొక్కడికీ కనుబొమలు, మీసకట్టు దిద్దిన ఓపిక ఆమెది. ఆ మొహాల దగ్గరే పొద్దు గడిచిపోయేది, పాదాల దాకా ఏనాడూ రాలేదు. నిట్టూర్చి తనవాళ్ళనీ తీసేసింది.

అప్పుడు చిదానందం సైనికుడొకణ్ణి పట్టుకుని వెనక్కి తిప్పింది. వీపంతా పచ్చి మట్టి. ఇంకొకణ్ణి తిప్పింది. వాడూ అంతే.

"ఇదేంటి తమ్ముడూ?"

"శత్రువుకి కనపడేది ముందువైపే కదక్కా! నావాళ్ళు వెన్ను చూపరు."

"ఒళ్ళంతా అని ఉంది. నువ్వే రాశావు."

"అది తాతారావు మామ కోసం రాసిందక్కా!" అనేసి నాలిక కరుచుకున్నాడు.

సూరమ్మ అతని వంక ఒక చూపు చూసి, సేనంతా ఎత్తి పక్కన పెట్టింది. తర్వాత తాతారావు సైనికులను ఒక్కొక్కరినే తీస్తూ పోయింది. ముప్పై తొమ్మిది మందిని తీశాక ఆగింది. ఇన్నాళ్ళూ గుంపులో ఇరుక్కుని, దుమ్ము పట్టి, ఎవరి కంటా పడని డప్పువాడొకడు మిగిలాడు. తుడిచి చూస్తే నీలం తలపాగా, ఎర్ర డప్పు, మెడలో పూసలు, అరికాళ్ళకు కూడా పారాణి.

"తొలి ఏడాది వేశానమ్మా," అన్నాడు తాతారావు సిగ్గుపడుతూ. "వీడొక్కడికే ఏడాది పట్టింది. మిగతావాళ్ళ జోలికి పోలేదు."

అడవి మొత్తంలో అర్హుడైన సైనికుడు వాడొక్కడే. తాతారావు గరికపోచను సగానికి కొలిచి డప్పువాణ్ణి గుమ్మం దాటించాడు. అడ్డుపడటానికి అవతల ఒక్కడూ లేడు. బుచ్చన్న హోదా మరిచిపోయి గంతులేశాడు. తాతారావు భోరున ఏడ్చాడు, ఇంత సంతోషాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదన్నాడు.

మరుసటి ఆదివారం నలుగురూ బండ దగ్గరికి వచ్చారు. యుద్ధం అయిపోయింది, మళ్ళీ మొదలెడదామంటే తాతారావుకి తప్ప ఎవరికీ అర్హుడైన సైనికుడు లేడు, చేసేదేమీ లేదు. సూరమ్మ ఎండల గురించి మాట్లాడింది. చిదానందం మొహం చెల్లక దూరంగా కూర్చున్నాడు. కాసేపటికి బుచ్చన్న "పనుంది, వస్తా" అని లేచాడు. ఎలుగుబంటికి ఆదివారం పనేమిటి?

తాతారావు వెళ్తున్న బుచ్చన్న వీపు వంక చూశాడు. గెలుపు కోసం తొమ్మిదేళ్ళు నడిచాడు, నిజమే. కాని వీళ్ళు ఉండగానే వీళ్ళు లేని ఆదివారాలు మొదలైతే ఎలా?

"ఆగండర్రా, నాకో సందేహం," అన్నాడు. "కోటలోకి పోయినవాడు డప్పువాడు. చేతిలో కత్తి లేదు. వాడు కోట పట్టుకున్నట్టా, పెళ్ళికి వచ్చినట్టా?"

బుచ్చన్న ఆగాడు.

"అదేంటి మామా, నువ్వు గెలిచావు కదా!" అంది సూరమ్మ.

"పెళ్ళికే!" చిదానందం ఒక్క గెంతులో దగ్గరికొచ్చాడు. "ఆ రోజు నా కోటలో పెళ్ళి. కావాలంటే రాసిస్తాను."

"నువ్వేమీ రాయకు," అన్నారు మిగతా ముగ్గురూ.

"అయితే ఇప్పుడెలా?" అంటూ బుచ్చన్న వెనక్కి వచ్చి చతికిలబడ్డాడు.

"ఎలా ఏముంది? ఆ రంగుల నియమం పక్కన పెట్టి మళ్ళీ బండ అంచు నుంచి బయల్దేరడమే," అని తాతారావు తన నలభై మందినీ, గెలిచినవాడితో సహా, అంచుకి చేర్చాడు.

నీతి: స్నేహం పదికాలాలు నిలవాలంటే ఒక్క తగాదా అయినా తీరకుండా దాచుకోవాలి.