కొండచిలువ గారి ప్రార్థనా భారం

ఒక పెద్ద అడవిలో, వానల్లేక ఆ అడవి కాస్తా రోజురోజుకీ చిన్నదైపోతున్న ఎండాకాలంలో, దీనమ్మ అనే అడవిపంది ఉండేది. జంతువుల సంఘంలో ఆమెది వెనక వరస. పాడొద్దని ఎంతమంది చెప్పినా పాడేది. ఆమె గొంతెత్తితే చెట్ల మీద పిట్టలు లేచిపోయేవి. అయినా సరే, వారమంతా ఆ ఆదివారం పాటల కోసమే బతికేది పిచ్చిది.

సంఘ కాపరి ఎలుగుబంటి. అందరూ అయ్యగారూ అని పిలుస్తారు. పుట్టుకతోనే నల్లకోటు ఉంది కదా, ఇంకెవరికిస్తారు ఆ పదవి?

ఒక ఆదివారం అయ్యగారు గొంతు సవరించుకున్నారు. "వాన కోసం ఉపవాస ప్రార్థనలు పెడుతున్నాం. వాన పడేదాకా అందరూ ఒంటిపూట భోజనం. ఉపవాసం ఉన్నామని ఊరంతా చాటుకోకండి. ముఖం కడుక్కోండి, తలకి నూనె రాసుకోండి, నవ్వుతూ తిరగండి. దేవుడికి తెలిస్తే చాలు."

"ఆమేన్!" అని అందరికన్నా గట్టిగా అరిచింది సంఘ కార్యదర్శి నక్క, పేరు పరంజ్యోతి. అరిచిన నోటితోనే అయ్యగారి చెవి కొరికింది. "దేవుడికి తెలిస్తే చాలంటే ఎలాగండీ? అవతలి కొండ సంఘం వాళ్లకి తెలియొద్దూ? బాగా వాడిపోయిన వాళ్లని ఏరి వేదిక ఎక్కిద్దాం. చివర్న నేను నిమ్మరసం ఇచ్చి ఉపవాసం విడిపిస్తాను. చూసినవాళ్లు మన సంఘంలో చేరకపోతే నన్నడగండి."

అయ్యగారు కళ్లు మూసుకుని ఆలోచనలో పడ్డారు. సంఘం అది ప్రార్థన అనుకుని తనూ కళ్లు మూసుకుంది.

దీనమ్మకి ఈ గుసగుసలేవీ తెలియవు. అయ్యగారి మాట విన్నది విన్నట్టు పట్టుకుని ఇంటికెళ్లింది. పంది ఉపవాసం ఉండడమంటే మాటలా? పొద్దున్నే దుంపలు తవ్వి, తన పొద్దుటి వంతు కుందేలు రూతమ్మకి ఇచ్చేది. రూతమ్మకి కాలు విరిగింది, పాలు తాగే పిల్లలున్నారు. తవ్వుకోలేదు. ఆకలేసినప్పుడల్లా దీనమ్మకి దేవుడు గుర్తొచ్చేవాడు. దేవుడు గుర్తొస్తే రూతమ్మ గుర్తొచ్చేది. రూతమ్మ గుర్తొస్తే దుంప గుర్తొచ్చేది. మళ్లీ ఆకలి!

"ప్రభువా, ఈ ఒక్క దుంప, చిన్నది" అని బతిమాలేది. ఆయనేమీ అనేవాడు కాదు. అలా ఏమీ అనకపోవడమే ఆమెకి భయం. గబగబా దుంప తీసుకెళ్లి రూతమ్మ గుమ్మంలో పడేసి వచ్చేది.

తర్వాత పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముఖం కడుక్కుంది. తలకి ఇప్పనూనె రాసుకుంది. నిగనిగలాడిపోతూ కూడికకి బయల్దేరింది.

అక్కడ చూస్తే ఏముంది! సంఘమంతా ముఖాలకి బూడిద పూసుకుని మూలుగుతోంది. కోతులు ఒకదాని భుజం మీద ఒకటి పడి నడుస్తున్నాయి, పొద్దున మామిడిపళ్ల దగ్గర కొట్టుకున్న కోతులే. వేదిక మీద మాత్రం కొండచిలువ శాంతయ్య గారు ఒక్కరే పడుకుని ఉన్నారు. బండ వెనక కదలక మెదలక పడి ఉంటే నక్క కనిపెట్టి, పదిమందితో మోయించుకొచ్చింది. మెతుకు ముట్టరు, నీళ్లు ముట్టరు, రెప్ప వాల్చరు. అబ్బో, అంతటి ఉపవాసం ఆ అడవిలో ఎవరూ చూడలేదు.

"ముందుగా మన పాటల నాయకుడు దుప్పి స్తుతిరాజు కోసం ప్రార్థిద్దాం" అన్నారు అయ్యగారు. "ఉపవాసాలకి ముందు నుంచే కనబడడం లేదు. దేవుణ్ణి వదిలి లోకంలో పడిపోయాడు."

అందరూ అయ్యో అన్నారు. దీనమ్మ మాత్రం కళ్లు మూసుకోవడం మర్చిపోయి శాంతయ్య గారి పొట్ట వైపు చూసింది. పొట్ట మధ్యలో పెద్ద ఉబ్బు. ఉబ్బులోంచి రెండు మొనలు పొడుచుకొచ్చి ఉన్నాయి.

"అయ్యగారూ, శాంతయ్య గారి కడుపులో ఆ కొమ్ములేంటండీ?"

నక్క ఒక్క ఉదుటున లేచింది. "అది ప్రార్థనా భారం! సంఘం కోసం ఆయన మోస్తున్న భారం! నీకేం తెలుసు?"

"భారానికి కొమ్ములుంటాయాండీ?"

"ముందు నీ ముఖం చూసుకో! నిగనిగలాడుతూ వచ్చావు. ఎన్ని పూటలు తింటున్నావేం?"

"ఒక్కపూటేనండీ. ముఖం కడుక్కుని నూనె రాసుకోమని అయ్యగారే చెప్పారు కదండీ."

అయ్యగారికి ఎక్కడలేని చిరాకొచ్చింది. "చెప్పడం నా పని. నిజంగా చేసుకొచ్చి అందరి ముందూ నిలబడమన్నానా? నిన్ను సంఘంలోంచి తీసేస్తున్నాం. కూడికలకి రావద్దు. పాటలకి అసలే రావద్దు."

దీనమ్మ దారి పొడుగునా ఏడ్చుకుంటూ వెళ్లింది. తలకి రాసుకున్న నూనె కన్నీళ్లతో కలిసి మూతి దాకా కారింది. ఆ ఆదివారం దూరం నుంచి పాట వినబడితే చెవులు మూసుకుంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ దుంపలు తవ్వింది.

"ఇంకా ఎందుకక్కా ఈ ఉపవాసం?" అంది రూతమ్మ. "ఇప్పుడెవరు చూస్తారు?"

"అప్పుడు మాత్రం ఎవరు చూశారే?" అంది దీనమ్మ.

కొన్నాళ్లకి మబ్బు పట్టి, నాలుగు చినుకులు రాలాయి. ఇంకేం, శాంతయ్య గారి మహిమే అన్నారు. అవతలి కొండ సంఘం కూడా దిగింది. నక్క కొబ్బరిచిప్ప నిండా నిమ్మరసం పట్టుకుని వేదికెక్కింది. శాంతయ్య గారి ఉబ్బు అప్పటికి పూర్తిగా తగ్గిపోయింది. కొమ్ముల జాడే లేదు.

"చూశారా, దేవుడు భారం తీసేశాడు!" అంది నక్క. జనానికి బాగా కనబడాలని చిప్పతో సహా ముందుకు వంగింది. "నోరు తెరవండి సహోదరుడా."

సహోదరుడు తెరిచాడు.

నిమ్మరసం, చిప్ప, కార్యదర్శి, అన్నీ ఒకే దారిన పోయాయి. శాంతయ్య గారు చుట్ట చుట్టుకుని, రెప్ప వాల్చకుండా, కదలక మెదలక పడుకున్నారు. పొట్టలో పెద్ద ఉబ్బు.

అవతలి కొండ వాళ్లంతా చూస్తున్నారు. అయ్యగారు గబగబా చేతులు పైకెత్తారు. "స్తోత్రం! సహోదరుడు మళ్లీ ఉపవాసంలో కూర్చున్నారు! భారం మళ్లీ వచ్చింది!"

"స్తోత్రం!" అంది సంఘం. ఆ ఆదివారం లోకంలో పడిపోయిన పరంజ్యోతి కోసం కన్నీళ్లతో ప్రార్థించింది కూడా.

సాయంత్రం అయ్యగారు దీనమ్మ ఇంటికొచ్చారు. కోటు చెమటతో తడిసిపోయింది. "దీనమ్మా, నిన్ను మళ్లీ చేర్చుకుంటున్నాం. పాటలు పాడుకో, ఎంత గట్టిగానైనా పాడుకో. ఒక్కటే మాట. ఈసారి శాంతయ్య గారికి నిమ్మరసం నువ్వివ్వాలి."

దీనమ్మ మనసు పాటల మీదికి పోయింది. అయినా రూతమ్మ కోసం తీసిన దుంప మూతితో పైకెత్తుకుంది.

"వద్దండి అయ్యగారూ. నేను ఇక్కడే పాడుకుంటాను. నాకు అంత భారం లేదు."

నీతి: ఎవరైనా గొప్ప ఉపవాసంలో ఉన్నారని తెలిస్తే స్తోత్రం తప్పకుండా చెప్పండి, కాకపోతే నిన్న ఏం తిన్నారో కనుక్కుని, కాస్త దూరం నుంచి చెప్పండి.