నాలుగో రేవులో కొంగుముడి

తెల్లవారేసరికి పడవ నాలుగో రేవు ఎదురుగా పాయ మధ్యలో లంగరు వేసి ఉంది. ఒడ్డుకి తీసుకువెళ్ళాల్సిన సామాను తాతాజీ అప్పటికే వరసగా పేర్చి ఉంచాడు. ఇనప ట్రంకు పెట్టె, రెండు పీటలు, చాప, తాటాకు గొడుగు, పులిహోర గిన్నె, ఆవకాయ జాడీ, ఉప్పునీళ్ళలో మునిగాక ఒంటిమీద పోసుకోడానికి మంచినీళ్ళ ఇత్తడి బిందె. వీటన్నిటి చివర ఒక లాంతరు.

"పొద్దుపొద్దున్నే లాంతరెందుకండీ?" అంది భార్య రత్నమాణిక్యం.

"పొద్దు రోజంతా ఇలాగే ఉంటుందేంటి? పోయినేడు ఏం జరిగిందో గుర్తుందిగా."

గుర్తులేకేం. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఇంకా రైలు వంతెన పడని రోజులవి. గోదావరి ఏడు పాయలుగా సముద్రంలో కలిసే ఏడు చోట్లా స్నానం చేయడానికి జనం పడవలు మాట్లాడుకుని సప్తసాగర యాత్ర చేసేవారు. చొల్లంగి అమావాస్యనాడు మొదలుపెట్టి అంతర్వేదిలో ముగించాలి. ప్రతి రేవులోనూ పడవ కాసేపు ఆగుతుంది. దిగాలి, మునగాలి, పోటు తగ్గేలోగా తిరిగి ఎక్కాలి. ఒక్క స్నానం తప్పినా యాత్ర యాత్ర కాదు. పోయిన సంవత్సరం ఇదే నాలుగో రేవులో తాతాజీ పొడి పంచె మరిచిపోయి దిగాడు. జాలరిపేటలో పంచె కోసం ఇల్లిల్లూ తిరిగి వచ్చేసరికి పడవ కనుచూపు మేరలో లేదు.

అప్పటినుంచి కడియం దగ్గరున్న వాళ్ళ ఊళ్ళో రత్నమాణిక్యానికి తోడికోడలు లోవలక్ష్మి కొత్త పేరు పెట్టింది. వడ్లు దంచుతున్నా, పిడకలు చరుస్తున్నా, నలుగురూ వినేలా, "సగం సాగరాలక్కా, మిగతా సగం ఎప్పుడూ?" అనేది. రత్నమాణిక్యం మాటకి మాట చెప్పే మనిషి కాదు. పెరటి అరటిగెలలు అమ్మించి, ఈ ఏడు మళ్ళీ పడవ మాట్లాడించింది. ఈసారి ఏడూ మునగాలి. మునగకుండా ఆ ఊళ్ళో అడుగుపెట్టకూడదని మనసులో అనుకుంది. 

తాతాజీ కూడా ఒక నిర్ణయానికి వచ్చాడు. ఏ రేవులో ఏ వస్తువు అవసరమవుతుందో తెలియదు కాబట్టి, ప్రతి రేవుకీ అన్ని వస్తువులూ తీసుకువెళ్ళాలి. మొదటి మూడు రేవుల్లోనూ అలాగే చేశాడు. మూడుసార్లూ అందరికంటే చివర పడవెక్కాడు.

"బాబుగారండి, పోటుమీదుండగానే మనం ఇసకమెరక దాటాలండి," అన్నాడు పడవ నడిపే లోవరాజు. "శంఖం ఊదానంటే బయల్దేరిపోయినట్టేనండి. మెరక మీద కూర్చుంటే ఇక రేపటిదాకా లేవదండి, ఆయ్."

"మాకు తెలుసులేవయ్యా," అన్నాడు తాతాజీ, లాంతరు చేతికి తగిలించుకుంటూ.

ఒడ్డుకి చేర్చడానికి ముసలయ్య, అతని భార్య సూరమ్మ తాటిదోనెలు తెచ్చారు. తాటిమానుని తొలిచి చేసిన రెండు దోనెల్ని పక్కపక్కన తాడుతో బిగించి కడితే ఒక చిన్న పడవ అవుతుంది. ఒకటి ముసలయ్యది, రెండోది సూరమ్మ పుట్టింటివాళ్ళు ఇచ్చింది. సామాను రెండోదానిలోకి ఎక్కింది. ముసలయ్య బిందె దింపినప్పుడు అడుగున ఏదో చిటుక్కుమంది. సూరమ్మ మొగుడివైపు చూసింది. ముసలయ్య ఆకాశంవైపు చూశాడు.

ఒడ్డున బురదలో సామాను మోసుకుంటూ స్నానఘట్టం చేరారు. పడవలో తమతో వచ్చిన పురోహితుడు తాతాజీ ఉత్తరీయానికీ రత్నమాణిక్యం కొంగుకీ ముడివేశాడు. "దంపతులు మళ్ళీ పడవలో కాలు పెట్టేదాకా ఈ ముడి విప్పకూడదు. పోయినేడు అదే లోపం అయ్యుంటుంది," అన్నాడు. తాతాజీకి ఈ మాట బాగా నచ్చింది. యాత్ర చెడింది ముడి విప్పడంవల్లే తప్ప పంచెవల్ల కాదన్నమాట.

సంకల్పం మొదలైందో లేదో, శంఖం వినబడింది.

"పడవ!" అన్నాడు తాతాజీ. గొడుగు ఒక చేత్తో, జాడీ ఇంకో చేత్తో పట్టుకుని పరుగు లంకించుకున్నాడు. ముడి లాగడంతో రత్నమాణిక్యమూ పరిగెత్తింది. రేవుకి వచ్చి చూస్తే పడవ కదల్లేదు. లోవరాజు లంగరు పక్కన కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఆ శంఖం పక్క ఘట్టంలో మునుగుతున్న యానాం యాత్రికులది.

మళ్ళీ బురద, మళ్ళీ ఘట్టం, మళ్ళీ మొదటినుంచి సంకల్పం. అది కాగానే పురోహితుడు తోటి యాత్రికులతో పడవకి వెళ్ళిపోయాడు. తాతాజీతో పాటు రత్నమాణిక్యం ముక్కు మూసుకుని మూడు మునకలు వేసింది. లేచేసరికి ఆమె ముఖంలో ఏడాదిగా లేని నిమ్మళం కనిపించింది. అప్పుడు రెండోసారి శంఖం మోగింది.

"పదండి," అంది.

"వాళ్ళదేలే. మనల్ని మళ్ళీ పరిగెత్తించాలని చూస్తున్నారు." తాతాజీ పీట వేసుకుని కూర్చున్నాడు. బిందెలో నీళ్ళు నెత్తిన పోసుకున్నాడు. పులిహోర గిన్నె మూత తీశాడు.

"ఏవండీ, తెరచాప లేస్తోందండీ."

"యానాం వాళ్ళదై ఉంటుంది."

"యానాం వాళ్ళు బండిమీద వచ్చారండీ!"

తాతాజీ పులిహోర గిన్నె అక్కడే వదిలేసి మిగతా సామాను ఎత్తుకున్నాడు.

ఇద్దరూ రేవుకి వచ్చేసరికి అక్కడ తాటిదోనెలు విడివిడిగా తేలుతున్నాయి. కట్టిన తాడు సూరమ్మ భుజం మీద ఉంది.

"ఇదేంటి ముసలయ్యా?" అన్నాడు తాతాజీ.

"దాన్నే అడగండి బాబూ."

"ఏంటడిగేది? ఆ బిందె దింపి నా దోనెకి చీలిక తెచ్చాడండి," అంది సూరమ్మ. "ఇకమీద ఎవరి దోనె వాళ్ళదే. సామాను ఈయన దోనెలోనే ఎక్కించండి. అమ్మగారొక్కరే అయితే నేను తీసుకెళ్తాను."

బతిమాలే వ్యవధి లేదు. సామానుతో తాతాజీ ముసలయ్య దోనెలో, రత్నమాణిక్యం సూరమ్మ దోనెలో కూర్చున్నారు. మధ్యలో నీళ్ళమీద కొంగుముడి వేలాడింది.

"ముడి విప్పేద్దామండీ," అంది రత్నమాణిక్యం.

"చంపుతావా? పోయినేడు అదేగా జరిగింది!"

పాయ మధ్యకి వచ్చేసరికి వడి పట్టుకుంది. సూరమ్మ దోనె ముందుకి పోతోంది. ముసలయ్య దోనె బరువుకి అంచులదాకా మునిగి, వెనక్కి లాగుతోంది. కొంగు తాడులా బిగిసింది. అవతల తెరచాప నిండి పడవ మెల్లగా మెరకవైపు సాగుతోంది.

"సామాను పారేయండి!" అంది రత్నమాణిక్యం. ఆమె అంత గట్టిగా మాట్లాడగా తాతాజీ ఎప్పుడూ వినలేదు.

పీటలు వెళ్ళాయి. చాప వెళ్ళింది. గొడుగు వెల్లకిలా పడి ఒక్కటే తేలుతూ పోయింది. ఆవకాయ జాడీ వెళ్ళేటప్పుడు తాతాజీ కళ్ళు మూసుకున్నాడు. ట్రంకు పెట్టెని ముసలయ్యే అడగకుండా తోసేశాడు. బిందె మాత్రం తాతాజీ కౌగిలించుకుని కూర్చున్నాడు.

"ఇది మా అమ్మది మాణిక్యం!"

"అత్తయ్యగారే ఉంటే ముందు మిమ్మల్ని తోసేవారు. వదలండి!"

బిందె బుడబుడమంది. దోనె తేలింది. వెంటనే పడవమీంచి లోవరాజు తాడు విసిరాడు. "ఆపలేనండి! అందుకోండి!" సూరమ్మ ఒక్క చేత్తో అందుకుని తన దోనె మొనకి చుట్టేసింది. పడవ సూరమ్మ దోనెని లాగింది. రత్నమాణిక్యం కొంగుని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు దోనె అంచుకి తన్నిపెట్టి, మొగుణ్ణీ, ముసలయ్యనీ, ముసలయ్య దోనెనీ కలిపి లాగింది. తడిసిన ముడి ఇంకా ఇంకా బిగిసిపోతోందే తప్ప ఊడలేదు.

"సూరమ్మా, తాడు వదలకే!" అని అరిచాడు ముసలయ్య.

"ఇందాక నా దోనె నాకే అన్నప్పుడు ఏం మాట్లాడలేదేం?"

"బుద్ధి తక్కువే! మీ పుట్టింటి దోనె బంగారమే!"

"ఆ మాట పేటలో అందరిముందూ అనాలి."

"అంటానే తల్లీ, వదలకు!"

రత్నమాణిక్యం ముందు పడవెక్కింది. వెనక్కి తిరిగి ముడి పట్టుకుని తాతాజీని పైకి లాగింది. ఆయన చేతిలో ఏమీ లేదు. లాంతరు కూడా లేదు. పడవ మెరకని రాసుకుంటూ దాటింది. పడవ కదిలాక ఎక్కినవాళ్ళకి స్నానం చెల్లిందా లేదా అని యాత్రికులు వాదించుకోబోయారు. పురోహితుడు ముడిని చేత్తో పట్టి చూసి, "ఇంత గట్టిగా బిగిసిన ముడి నేనెక్కడా చూడలేదు. చెల్లింది," అన్నాడు. ముడి విప్పడం చేతకాక చివరికి కొడవలితో కోశారు.

మిగిలిన మూడు రేవుల్లోనూ వాళ్ళకి మోయడానికి ఏమీ లేదు. తోటివాళ్ళు ఇచ్చిన పొడిబట్ట ఒకటి తలకి చుట్టుకుని, పంచె, చీర పైకి ఎగ్గట్టి, బురదలో నడిచి వెళ్ళి మునిగి వచ్చేవారు. మూడుసార్లూ అందరికంటే ముందు పడవెక్కారు. అంతర్వేదిలో ఏడో మునక వేసి లేచినప్పుడు రత్నమాణిక్యం నవ్విన నవ్వు ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

ఊరు చేరేసరికి వాళ్ళకంటే ముందు వార్త చేరింది. యానాం యాత్రికులు ఒడ్డునుంచి అంతా చూశారు. కడియం వైపు రైతు ఒకాయన నాలుగో సాగరంలో ఇత్తడి బిందెతో సహా సమస్తం గంగమ్మకి సమర్పించేశాడనీ, అంతటి త్యాగం తాము కనీవినీ ఎరగమనీ దారి పొడుగునా చెప్పుకుంటూ వెళ్ళారు. ఊరివాళ్ళు పొలిమేరకి ఎదురొచ్చి తాతాజీ కాళ్ళు కడిగారు. ఆయన వద్దనలేదు.

లోవలక్ష్మి మాత్రం తోడికోడలి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, వచ్చేడు మేమూ వెళ్దామనుకుంటున్నాం. ఏమేం పట్టుకెళ్ళాలి?"

"ఏడూ మునగాలనుందా?"

"ఉందక్కా."

"అయితే ఒక పొడిబట్ట, ఒక చెంబు. అంతే. నేనూ వస్తాను, తీసుకెళ్తాను."

మరుసటి ఏడు రత్నమాణిక్యం ముందు నడవగా ఆ ఊరి ఆడవాళ్ళు పడవ నిండా వెళ్ళి, ఏడు రేవుల్లోనూ మునిగి, చెప్పిన రోజుకి తిరిగివచ్చారు. అన్నాళ్ళూ తాతాజీ ఇంటిపట్టునే ఉండి, వాళ్ళు తీసుకువెళ్ళని సామానుకి కాపలా కాశాడు.