మారిషస్ పిల్లలకు నా తెలుగు సేవ

మానవజాతి కనిపెట్టిన గొప్ప విషయాల్లో నిప్పు, చక్రం తరువాత చెప్పుకోవలసింది స్వచ్ఛంద సేవ. పరాయి దేశంలో రోజుకు రెండు గంటలు పిల్లలకు పాఠం చెబితే చాలు, గది ఉచితం, భోజనం ఉచితం, మిగిలిన పొద్దంతా సముద్రం మనది. ఇంత చవకైన విహారయాత్రకు సేవ అని పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, ఆయన తప్పకుండా మా వైపువాడే అయి ఉండాలి.

నా పేరు దండపాణి. కాపురం తిరుత్తణిలో, ఉద్యోగం తిరువళ్ళూరులో, ఒక ప్రైవేటు ఇన్సూరెన్సు ఆఫీసులో. జనం పెట్టుకున్న క్లెయిములను ఒక కాగితం తక్కువైందని చెప్పి మర్యాదగా తిప్పి పంపడం నా పని. (మర్యాద మా ఆఫీసు ప్రత్యేకత. కాగితం తక్కువ కావడం దైవికం.) పెళ్లయిన కొత్తలో నా భార్య కాంచనకు, "నిన్ను విమానంలో పిల్చుకోని పోతా" అని మాట ఇచ్చాను. అప్పటినుంచి విమానాలు కనబడే చోటికి, అంటే మా మిద్దె మీదికి, చాలాసార్లు తీసుకెళ్లాను. ఆమె ఒక్క మాట అనదు. విమానం పోతుంటే తల ఎత్తి, అది కనుమరుగయ్యేదాకా చూసి, ఆరేసిన బట్టలు తీసుకుని కిందికి దిగుతుంది. తిట్టినా బాగుండు అనిపిస్తుంది నాకు.

అలాంటి రోజుల్లో, సాయంత్రం ఎలక్ట్రిక్ రైల్లో ఇంటికి వస్తూ, ఫోనులో ఒక ప్రకటన చూశాను. సర్వదేశ మాతృభాషా సేవా సమాఖ్య వారికి మారిషస్‌లోని తెలుగు కుటుంబాల పిల్లలకు తెలుగు నేర్పేవాళ్లు కావాలట. అర్హత: మాతృభాష తెలుగై ఉండాలి. దంపతులకు విడి గది. కిటికీలోంచి సముద్రం. నేను నిలబడి ఉన్నవాణ్ణి కాస్తా, సీటు దొరికినంత సంబరపడ్డాను.

విజయనగరం రాజుల నాడు వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం మాది. మా ఇంట్లో కలలు తెలుగు, తిట్లు తెలుగు, దూడను అదిలించడం తెలుగు. బడి మాత్రం తమిళం. పేపరు, కరెంటు బిల్లు, ఆఖరికి మా పెళ్లి పత్రిక కూడా తమిళమే. కాబట్టి ఒక చిన్న సంగతి ఉంది: నాకు తెలుగు చదవడం, రాయడం రాదు. దీన్ని లోపమని నేనెన్నడూ అనుకోలేదు. మా వీధిలో ఎవరికీ రాదు కనుక అది ఆచారం కిందికి వస్తుంది. తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాసుకోవడం మాకు తాతల నాటి పద్ధతి. మా నాయన నాకు రాసిన ఉత్తరాలన్నీ అలాంటివే.

దరఖాస్తు ఎలా నింపానంటారా? నేను చెప్పాను, ఫోను రాసింది. ఏం రాసిందో ఫోనుకే తెలియాలి. (ఈ వ్యాసం కూడా చాలా వరకు అదే రాసింది. తప్పులుంటే దాన్ని క్షమించండి.) సమాఖ్య నియమాలు చాలా కట్టుదిట్టం. విహారయాత్ర ఉద్దేశం ఏమాత్రం లేదని అభ్యర్థి ప్రమాణం చేయాలి. ఆ కిందనే ఈత వచ్చా రాదా చెప్పాలి. "మీలో సేవాభావం ఎంత?" అన్న ప్రశ్నకు మూడు గడులు ఉన్నాయి: కొద్దిగా, తగినంత, ఆపుకోలేనంత. మూడోది నొక్కాను.

ఇక యాత్ర ప్రణాళిక. టూరు కంపెనీల వాళ్లు మనల్ని మందను తోలినట్టు తోలుతారు కాబట్టి, అంతా స్వతంత్రంగా నేనే వేసుకున్నాను. పొద్దున సముద్రం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్లీ సముద్రం. పాఠాలు ఎక్కడ పెట్టాలో తోచక వర్షం వచ్చే రోజులకు పెట్టాను. చిన్న కుక్కరు, పులిహోర పేస్టు, కందిపొడి సంచిలో సర్దేశాను. కాంచన బజారుకు వెళ్లి, ఇసకలో నడవడానికి నీలం రంగు రబ్బరు చెప్పులు కొనుక్కుంది. వాటిని ఇంట్లోనే వేసుకుని అటూ ఇటూ నడిచి చూసింది.

"చుమ్మా చెప్తా ఉండావా మామా, నిజంగానే పోతామా?" అని అడిగింది.

"మనకి తెలుగు రాకపోతే ఇంకెవురికి వస్తాదే?" అన్నాను.

ఎదురింటి తంగమ్మకు ఆ రాత్రే తెలిసింది. తెల్లారేసరికి వీధంతా మాకు వీడ్కోలు చెప్పేసింది.

తరువాత వీడియోలో మాదిరి పాఠం. అటువైపు సుదర్శనంగారు, సమాఖ్యలో అక్షర యోగ్యతా నిర్ధారణ ఉపసంచాలకులు. (సంచాలకులు ఇంకా నియమితులు కాలేదు. ఆ పోస్టుకు తగిన మాతృభాష ఎవరికీ లేదట.) "బోర్డు మీద 'అమ్మ అన్నం పెట్టింది' అని రాయండి" అన్నారాయన. బడిలో బహుమతి తెచ్చుకున్న చేతిరాత నాది. ముత్యాల్లాగా రాశాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"దండపాణిగారూ, ఇది తమిళం కదండీ?"

"లేదు సార్, తెలుగే. చదవండి, తెలుగే వస్తాది."

"అక్షరాలు తమిళం."

"అక్షరాలు తమిళమే సార్. లోపలుండేది తెలుగు."

"పిల్లలకు మీరు లోపలిది ఎలా చూపిస్తారు?"

ఆయన చాలా మర్యాదగా ధన్యవాదాలు చెప్పారు. ఒక కాగితం తక్కువైందని చెప్పే ఆ గొంతును నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. నా గొంతే కదా.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సమాఖ్య ఎవరినీ తిరస్కరించదట. నన్ను సేవ చేసేవారి జాబితా నుంచి సేవ పొందేవారి జాబితాకు మార్చారు, అంతే. నాకు అక్షరాలు నేర్పడానికి విదేశం నుంచి ఒక స్వచ్ఛంద సేవకురాలు వస్తుంది. గది, భోజనం నియమం ప్రకారం మేమే ఇవ్వాలి.

వచ్చిన పిల్ల పేరు యశస్విని. ఊరు మారిషస్.

ఆమె మాట్లాడే తెలుగు పుస్తకాల్లోది. "దేవుని సినిమా మాదిరి ఉండాది మామా" అని కాంచన ముచ్చట పడింది. ఆ పిల్ల మా గది చూసి, కిటికీలోంచి కొండ కనబడుతున్నందుకు కృతజ్ఞతలు తెలిపి, సంచిలోంచి తన యాత్ర ప్రణాళిక తీసింది. టూరు కంపెనీలను నమ్మదట, స్వతంత్రంగా వేసుకుందట. పొద్దున తిరుత్తణి కొండ, ఇంకోనాడు తిరువళ్ళూరు వీరరాఘవస్వామి, ఆదివారం పులికాట్. పాఠం రోజుకు రెండు గంటలే. నా ప్రణాళికను ఎవరో నా మీదికే తిప్పి వేసినట్టు ఉంది. అసూయ పడ్డాను, కానీ అన్నం మాత్రం నేనే వడ్డించాను.

పాఠాలు మా వరండాలో, నేను ఆఫీసునుంచి వచ్చాక. ఈ వయసులో పలక పట్టుకుని కూర్చుంటే వీధిలో పోయే ప్రతివాడూ ఆగి మరీ చూస్తాడు. అందుకని రైలు లేటని చెప్పడం మొదలుపెట్టాను. నిజానికి స్టేషను బయట టీ కొట్లో కూర్చునేవాణ్ణి. యశస్విని నెలనెలా సమాఖ్యకు నివేదిక పంపేది: విద్యార్థి బడికి సరిగా రావడం లేదు, వచ్చినప్పుడు నిద్రపోతున్నాడు.

ఆ వరండాలోనే మునగాకు దూస్తూ కూర్చునేది కాంచన. ఎవరూ ఆమెకు పాఠం చెప్పలేదు. ఒకరోజు మేమిద్దరం బస్టాండులో నిలబడి ఉండగా, ఆంధ్రా బస్సు వచ్చి ఆగింది. కాంచన దాని నుదుటి వైపు చూసి, "న... గ... రి. మామా, ఇది నగరి బండి!" అని అరిచింది. చుట్టూ జనం తిరిగి చూశారు. ఆమె కళ్లలో నీళ్లు. నాకు సిగ్గేసింది, గర్వం కూడా వేసింది. ఏది ముందు వేసిందో చెప్పను.

యశస్విని సెలవు ముగించుకుని వెళ్లిపోతూ, కాంచన చేత దరఖాస్తు రాయించింది. చేత్తోనే, ఫోనుతో కాదు. సుదర్శనంగారు వీడియోలో ఆమె రాసిన బోర్డు చూసి వెంటనే సంతకం పెట్టేశారు. టికెట్టు సమాఖ్యే పంపింది. దంపతుల గది మాత్రం ఇద్దరూ సేవకులైతేనే ఇస్తారట.

"నువ్వు లేకుండా నేనొక్కదాన్నే యాడికి పోయేది మామా? వద్దు లే" అంది కాంచన. రబ్బరు చెప్పులు అటక మీద పెట్టడానికి స్టూలు కూడా వేసుకుంది.

అవును, వద్దు అనాలని నా నోటిదాకా వచ్చింది. దేవుడి మీద ఒట్టు, వచ్చింది. ఆమె చేతిలోంచి చెప్పులు తీసుకుని, సంచిలో కందిపొడి పక్కన పెట్టాను.

"నేను విమానం ఎక్కిస్తానని మాట ఇచ్చింది నీకు. నాకు కాదు కదా. పోయి రా. కుక్కరు మర్చిపోబాక" అన్నాను.

ఆమె వెళ్లిన మరునాడు మిద్దె ఎక్కాను. ఒక విమానం పోతుంటే కనుమరుగయ్యేదాకా చూసి, ఆరేసిన బట్టలు తీసుకుని కిందికి దిగాను. ఇప్పుడు రైలు లేటు కావడం లేదు. సాయంత్రం నేరుగా ఇంటికి వచ్చి, పలక ముందేసుకుని ఒక్కణ్ణే కూర్చుంటున్నాను.

నిన్న ఫోటో వచ్చింది. ఆరుబయట బడి, వెనక సముద్రం, నీలం చెప్పుల్లో కాంచన. చుట్టూ పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. బోర్డు మీద ఆమె చేతిరాతలో ఒక వాక్యం. ఫోనుకు చూపిస్తే, సుద్దముక్క రాత తనకు చదవడం రాదంది. బస్టాండుకు వెళ్లి ఆంధ్రా కండక్టరును అడుగుదామా అనుకున్నాను. తరువాత మనసు మార్చుకుని, ఫోటో పెద్దది చేసి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ నేనే చదివాను. నా అంతట నేను చదివిన మొట్టమొదటి తెలుగు వాక్యం అది.

"దండపాణి బడికి రాలేదు."

ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని మళ్లీ మొదటినుంచి చదివాను. లేదు.